బాతుల మందకు కాపు కాసిన జోనంగి

ఒంగోలు గిత్తను బ్రెజిల్‌లో ‘నెలోరె’ అంటారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే మరి! ఇక్కడ చదలవాడ, లాం క్షేత్రాల్లో ఆ జాతిని కాపాడుకుంటున్నారు. ఇదే కోస్తాలో మనతోపాటు ఎండకూ వానకూ ఓర్చి పనిచేసిన ఇంకో జాతి ఉంది. దాన్ని మాత్రం మరిచిపోయాం. దాని పేరు జోనంగి.

కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లు ఈ కుక్కకు ప్రధాన నెలవు. ఒంటికి అతుక్కున్న పొట్టి వెంట్రుకలు, నుదుట ముడతలు, మెలితిరిగిన తోక. మొరగడం అరుదు, గొంతు సాగదీసి ఒక రకం కూత పెడుతుంది. నేలలో గోతులు తవ్వుకుని వాటిలో పడుకుంటుంది.

వేటకూ, కాపలాకూ పనికొచ్చినా, దాని అసలు విద్య బాతుల్ని తోలడం. వరి కోతలయ్యాక కాపరులు మందల్ని పొలం నుంచి పొలానికి తోలుకెళ్లేవారు. రాలిన గింజలు, నత్తలు, పురుగులు బాతులకు మేత, వాటి రెట్ట పొలానికి ఎరువు. గొర్రెల్ని అదిలించినట్టు బాతుల్ని అదిలిస్తే కుదరదు. బెదిరితే మంద చెల్లాచెదురవుతుంది. అందుకే ఊరికే మొరగని ఈ గుణమే జోనంగిని కాపరికి దగ్గర చేసిందని నాకనిపిస్తుంది. రాత్రిపూట నక్కల నుంచీ, బావురు పిల్లుల నుంచీ మందను కాచేదీ అదే.

తర్వాత కొల్లేటిలో చేపల చెరువులు లేచాయి. 1980, 90 దశకాల్లో గట్ల మీద గట్లు పడ్డాయి. బాతులు మేసే బురదనేలలు పోయాయి, కాపరులు వేరే పనులు చూసుకున్నారు. దిక్కులేని కుక్కలు చెరువుల్లో చేపలు పట్టి బతకడం నేర్చుకుంటే, వాటిని దొంగలుగా చూసి చంపారు. అన్నం పెట్టే పని లాగేసుకుని, ఆకలితో తిన్నందుకు శిక్షించడం అన్యాయం. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో చిత్తడినేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో అక్రమ చెరువుల గట్లు పగలగొట్టారు. గూడబాతులకు అండ దొరికింది, బాతుల్ని కాచిన కుక్కకు దొరకలేదు.

కన్నడ ముధోల్, తమిళ రాజపాళయం, చిప్పిపారై కుక్కల్ని కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దేశీయ జాతులుగా నమోదు చేసింది. అదే బాటలో మన పశుసంవర్ధక శాఖ, తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం కలిసి ఊరూరా తిరిగి జోనంగుల లెక్క తీయాలి. మేలైనవాటిని ఎంచి జత కట్టించాలి. కొత్తపట్నం నుంచి కైకలూరు దాకా ఏ గట్టు మీదైనా నుదుట ముడతలున్న, మొరగని కుక్క కనబడితే రాయి విసరకండి. మీ ఊరి పశువుల డాక్టరుకు చూపించండి.