గాజు తొట్టెలో జమా ఖర్చులు

మన సంఘ సభ్యుల ఇళ్లలో మనుమలు, మనుమరాళ్ల కోసం కొన్న చేపల తొట్టెలు ఇప్పుడు చాలాచోట్ల కనిపిస్తున్నాయి. నీటి మొక్కలు నాటి, దీపం పెట్టి ముచ్చటగా అమరుస్తున్నారు. కాని పదిహేను రోజులు తిరక్కుండానే చేపలు ఒక్కొక్కటే పైకి తేలడం, పిల్లలు అన్నం మానేసి ఏడవడం, పెద్దవాళ్లు “దిష్టి తగిలింది” అని సరిపెట్టుకోవడం కూడా జరుగుతున్నది. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నా చేపలెందుకు చస్తాయి? ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి నూరేళ్లకు పైనే పట్టింది. ఆ చరిత్ర తెలుసుకోదగినది.

1771లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ ఒక ప్రయోగం చేశాడు. కొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో పుదీనా రెమ్మ నుంచితే, కొన్నాళ్లకు ఆ గాలిలోనే కొవ్వొత్తి మళ్లీ వెలిగింది. మొక్క ఈ మేలు వెలుతురులోనే చేస్తుందని 1779లో డచ్చి వైద్యుడు ఇంగెన్‌హౌజ్ తేల్చాడు.

నీటి విషయానికి వస్తే, 1846లో అన్నా థిన్ అనే ఆమె టార్కీ సముద్ర తీరం నుంచి పగడపు జాతి జీవులను లండనుకు తెచ్చి పెంచింది. నీటికి గాలి తగలడం కోసం పనిమనిషి రోజూ ఆ నీళ్లను, మన టీకొట్లో టీ తిరగబోసినట్లు, ఒక పాత్ర నుంచి మరొక పాత్రలోకి పోయవలసి వచ్చేది. తరువాత ఆమె సముద్రపు నాచు మొక్కలను కూడా అందులో ఉంచింది.

మంచినీటి తొట్టె లెక్క కుదిర్చినవాడు లండన్ రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్. 1849లో ఆయన రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా అనే నీటి మొక్కను ఒక పాత్రలో ఉంచాడు. కొన్నాళ్లు బాగానే ఉన్నది. తరువాత ముసలి ఆకులు కుళ్లి, పాచి పట్టి నీరు చెడసాగింది. అప్పుడాయన చెరువు నత్తలను వదిలాడు. అవి కుళ్లిన ఆకులను తినేశాయి. వాటి గుడ్లు చేపలకు ఆహారమయ్యాయి. ఈ సంగతి 1850లో కెమికల్ సొసైటీకి నివేదించాడు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపల గృహం తెరిచారు. 1854లో ఫిలిప్ గాస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అనే మాట ఇంటింటికీ చేరింది.

అయితే కంటికి కనిపించని ఖర్చొకటి మిగిలిపోయింది. దాన్ని వెలికితీసిన వారిలో ఆయన కుమారుడే ఉండడం విశేషం. తండ్రి పేరే పెట్టుకున్న ఆ చిన్న వారింగ్టన్ రాతంస్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మట్టిని పరీక్షిస్తూ, అమ్మోనియా మొదట నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా రెండు దశల్లో మారుతుందని చూపించాడు. ఆ పని చేసే సూక్ష్మజీవులను 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ వేరుచేశాడు. తొట్టెలో జరిగేదీ ఇదే. చేపల విసర్జన, మిగిలిన మేత అమ్మోనియాగా మారతాయి. అమ్మోనియా, నైట్రైటు రెండూ చేపలకు విషమే. రెండింటికీ రంగు లేదు, కనుక నీరు తేటగానే కనిపిస్తుంది.

మన భాషలో చెప్పాలంటే, ఫైలు ఒక సీటు నుంచి మరో సీటుకు నడవాలి. కొత్త తొట్టె అంటే పోస్టులు మంజూరై, మనుషులు ఇంకా చేరని ఆఫీసు. సూక్ష్మజీవులు నిలదొక్కుకోవడానికి సుమారు 4 నుంచి 6 వారాలు కావాలి. ఈలోగా చేపలన్నీ ఒకేసారి వదిలితే ఫైళ్లు పేరుకుపోతాయి.

నీటి ఆమ్లతను కొలిచే పీహెచ్ కొలమానాన్ని 1909లో డెన్మార్కులో సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. నేడు చుక్కల మందు వేసి, రంగు చూసి ఇవన్నీ ఇంట్లోనే పరీక్షించవచ్చు. అమ్మోనియా, నైట్రైటు సున్నా ఉండాలి. నైట్రేటు కొంత ఉండవచ్చు, అది మొక్కలకు ఎరువు. మొక్కలు కూడా తమ కబురు తాము చెబుతాయి. ముసలి ఆకులు పసుపు తిరిగితే నత్రజని చాలలేదని, లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపమని, ముదురాకులకు చిల్లులు పడితే పొటాషియం తక్కువైందని సాధారణంగా గ్రహించాలి.

ఆఫీసులో రిజిష్టర్లు రాసి రాసి అలసినవాళ్లమే అయినా, ఈ ఒక్క రిజిష్టరు రాయడంలో ఆనందమున్నది. తేదీ, వేడిమి, పీహెచ్, అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటు, ఆకుల రంగు అని గళ్లు గీయండి. వారానికొకసారి పిల్లవాడి చేతనే నింపించండి. నైట్రైటు గడిలో వరుసగా రెండు వారాలు సున్నా పడిన తరువాత చేపల కొట్టుకు తీసుకువెళ్లి, మొదట రెండు చేపలు మాత్రమే కొనిపెట్టండి.