క్రిమినల్ జస్టిస్ డిగ్రీ (అమెరికా)

క్రిమినల్ జస్టిస్ డిగ్రీ అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాల కళాశాలలలోను, విశ్వవిద్యాలయాలలోను బోధించబడే నాలుగు సంవత్సరాల పట్టభద్ర కోర్సు. నేరము, పోలీసు, న్యాయస్థానము, కారాగారము అనే విషయాలను విడివిడిగా కాక ఒకే వ్యవస్థలోని భాగాలుగా అధ్యయనం చేయడం దీని ప్రత్యేకత. తెలుగులో దీనిని నేర న్యాయపాలన శాస్త్రము అని చెప్పవచ్చును. ఇది న్యాయవాద పట్టా కాదు, పోలీసు శిక్షణ కూడా కాదు. ఈ రెండు విషయాలు తెలియక కోర్సులో చేరి, చివరి సంవత్సరంలో చిక్కులలో పడే విద్యార్థులు ఉంటారు. అందువలన ఏ పాఠ్యాంశాన్ని ఏ సెమిస్టర్‌లో చదవాలి అనే ప్రణాళికకు ఈ కోర్సులో చాలా ప్రాధాన్యత ఉన్నది.

పేరు, పరిధి

ఈ కోర్సును దీనికి దగ్గరగా ఉండే మరి మూడు శాస్త్రాలతో పోల్చి చూస్తే దీని పరిధి స్పష్టమవుతుంది.

నేరశాస్త్రము (క్రిమినాలజీ): మనుషులు నేరాలు ఎందుకు చేస్తారు, నేరాలు ఎక్కడ, ఎప్పుడు పెరుగుతాయి అనే ప్రశ్నలను పరిశీలిస్తుంది. ఇది సమాజశాస్త్రానికి దగ్గర.
ఫోరెన్సిక్ సైన్స్: రక్తము, వేలిముద్రలు, డి.ఎన్.ఎ. వంటి భౌతిక ఆధారాలను పరీక్షించే ప్రయోగశాల శాస్త్రము. దీనికి రసాయన, జీవశాస్త్రాలు పునాది.
న్యాయశాస్త్రము: అమెరికాలో ఇది ఏదైనా ఒక పట్టా పొందిన తరువాత చదివే మూడేళ్ళ వృత్తి విద్య.

క్రిమినల్ జస్టిస్ మాత్రం నేరం జరిగిన తరువాత సమాజము, ప్రభుత్వము ఏ విధంగా స్పందిస్తాయి, ఆ స్పందన న్యాయసమ్మతమా, ఫలవంతమా అనే విషయాలను పరిశీలిస్తుంది.

చరిత్ర

ఈ విద్యకు ఆద్యుడు కాలిఫోర్నియాలోని బర్కిలీ నగర పోలీసు అధిపతి ఆగస్ట్ వోల్మర్. ఆయన 1908లో తన శాఖలోని పోలీసులకు ఒక పాఠశాల ప్రారంభించాడు. 1916లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వేసవి తరగతులు మొదలయ్యాయి. 1930లో శాన్ హోసే స్టేట్ కళాశాలలోను, 1935లో మిచిగన్ స్టేట్ కళాశాలలోను పోలీసు విద్యకు ప్రత్యేక కోర్సులు ఏర్పడ్డాయి. బర్కిలీలో 1950లో స్థాపించబడిన స్కూల్ ఆఫ్ క్రిమినాలజీ 1976లో మూతపడింది.

1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ నేరములు, న్యాయపాలనపై ఒక సంఘాన్ని నియమించాడు. 1967లో వెలువడిన ఆ సంఘం నివేదిక పోలీసులకు పట్టభద్ర విద్య ఉండడం అంతిమ లక్ష్యం కావాలని సూచించింది. 1968 నాటి చట్టం క్రింద పోలీసు ఉద్యోగులకు, ఆ వృత్తిలో చేరగోరే విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం చదువుకై రుణాలు, సహాయధనం ఇచ్చింది. దీనితో కళాశాలలు ఈ కోర్సును విరివిగా ప్రారంభించాయి. న్యూయార్క్ నగరంలోని జాన్ జే కళాశాల 1964లో పోలీసు శాస్త్ర కళాశాలగా స్థాపించబడి, తరువాత అమెరికా తొలి ప్రధాన న్యాయమూర్తి జాన్ జే పేరును స్వీకరించింది.

కోర్సులు పెరిగినంత వేగంగా నాణ్యత పెరగలేదు. పోలీసు అకాడమీలో నేర్పవలసిన పనులనే కళాశాల పాఠాలుగా బోధిస్తున్నారని 1978లో లారెన్స్ షెర్మన్ నేతృత్వంలో తయారైన నివేదిక తీవ్రంగా విమర్శించింది. నేటి పాఠ్యప్రణాళికలో సిద్ధాంతాలకు, పరిశోధనకు, నీతిశాస్త్రానికి చోటు దక్కుటకు ఇటువంటి విమర్శలు కూడా ఒక కారణం.

క్రెడిట్ల విధానం

అమెరికా పట్టాకు సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి. వారానికి ఒక గంట తరగతి చొప్పున ఒక సెమిస్టర్ చదివితే స్థూలంగా ఒక క్రెడిట్ అవుతుంది. తరగతిలో గడిపే ప్రతి గంటకు బయట రెండు గంటల చదువు అవసరమని లెక్క. ఎక్కువ కోర్సులు 3 క్రెడిట్లవి గనుక పట్టాకు దాదాపు 40 కోర్సులు చదవవలసి వస్తుంది.

ఈ 120 క్రెడిట్లు మూడు భాగాలుగా ఉంటాయి.

సాధారణ విద్య: ఆంగ్ల రచన, గణితము, విజ్ఞానశాస్త్రము, చరిత్ర మొదలైనవి.
ప్రధాన విషయము: క్రిమినల్ జస్టిస్ కోర్సులు. చాలా చోట్ల ఇవి 30 నుండి 45 క్రెడిట్ల వరకు ఉంటాయి.
ఐచ్ఛికాలు: విద్యార్థి తన ఇష్టానుసారం ఎంచుకొనేవి. రెండవ విషయాన్ని మైనర్‌గా చదువుటకు ఈ భాగమే ఉపయోగపడుతుంది.

సెమిస్టర్‌కు 15 క్రెడిట్లు చదివితే ఎనిమిది సెమిస్టర్లలో 120 పూర్తవుతాయి. పూర్తికాల విద్యార్థిగా గుర్తింపు పొందడానికి 12 చాలును. కాని 12 చొప్పున చదివితే ఎనిమిది సెమిస్టర్లకు 96 మాత్రమే అవుతాయి. మిగిలిన 24 క్రెడిట్లకు మరి రెండు సెమిస్టర్లు, వాటి రుసుము భరించవలసి ఉంటుంది.

ప్రధాన పాఠ్యాంశాలు

అకాడమీ ఆఫ్ క్రిమినల్ జస్టిస్ సైన్సెస్ అనే అధ్యాపక సంస్థ 1963లో ఏర్పడింది. పట్టభద్ర కోర్సులో ఉండవలసిన విషయాలను ఈ సంస్థ ఆరు విభాగాలుగా పేర్కొన్నది.

న్యాయపాలన: వ్యవస్థ మొత్తం పరిచయం, నేర బాధితులు, బాల నేరస్థుల న్యాయం, నీతి.
శిక్షలు, సంస్కరణ: కారాగారాలు, ప్రొబేషన్, పెరోల్.
నేర సిద్ధాంతాలు: నేరానికి కారణాలు, నేరాల రకాలు.
చట్టము, న్యాయవిచారణ: నేర చట్టము, నేర విచారణ పద్ధతి, ప్రాసిక్యూషన్, డిఫెన్స్.
పోలీసు వ్యవస్థ: చరిత్ర, అధికారాలు, విచక్షణ, పోలీసుకు ప్రజలకు మధ్య సంబంధాలు.
పరిశోధన, విశ్లేషణ పద్ధతులు: గణాంకాలు, సర్వేలు, ఫలితాల మూల్యాంకనం.

విచారణ పద్ధతి కోర్సులో సుప్రీం కోర్టు తీర్పులు ముఖ్యమైనవి. అక్రమ సోదాలో దొరికిన ఆధారం రాష్ట్ర న్యాయస్థానాలలో కూడా చెల్లదన్న మాప్ తీర్పు (1961), పేద ముద్దాయికి ప్రభుత్వమే న్యాయవాదిని ఇవ్వాలన్న గిడియన్ తీర్పు (1963), నిర్బంధంలో ప్రశ్నించే ముందు మౌనంగా ఉండే హక్కును తెలియజేయాలన్న మిరాండా తీర్పు (1966) వీటిలో ప్రసిద్ధమైనవి.

పాఠ్యాంశాల వరుస

చాలా కోర్సులలో చేరడానికి ముందు మరొక కోర్సు పూర్తి చేసి ఉండాలి. అందుచేత ప్రణాళికను చివరి సెమిస్టర్ నుండి వెనుకకు వేసుకోవడం సులభమైన మార్గం. సాధారణ క్రమం ఈ విధంగా ఉంటుంది.

మొదటి సంవత్సరం: పరిచయ కోర్సు, ఆంగ్ల రచన, గణితము, మనస్తత్వ శాస్త్రము లేక సమాజశాస్త్రము.
రెండవ సంవత్సరం: పోలీసు, న్యాయస్థానాలు, శిక్షల వ్యవస్థ అనే మూడు మౌలిక కోర్సులు, గణాంకశాస్త్రము.
మూడవ సంవత్సరం: నేర సిద్ధాంతాలు, పరిశోధనా పద్ధతులు, నేర చట్టము, విచారణ పద్ధతి, మైనర్ కోర్సులు.
నాలుగవ సంవత్సరం: నీతిశాస్త్రము, ప్రత్యేక విషయాలు, ఇంటర్న్‌షిప్, చివరిగా క్యాప్‌స్టోన్ అనబడే సమగ్ర కోర్సు.

గణాంకశాస్త్రము, పరిశోధనా పద్ధతులు, క్యాప్‌స్టోన్ అనే మూడు కోర్సులు ఒక గొలుసు వంటివి. గణితమంటే భయంతో గణాంకశాస్త్రాన్ని ఏడవ సెమిస్టర్‌కు వాయిదా వేసిన విద్యార్థి పరిశోధనా పద్ధతులను ఎనిమిదవ సెమిస్టర్‌లో గాని చదవలేడు. అప్పుడు క్యాప్‌స్టోన్ తొమ్మిదవ సెమిస్టర్‌కు పోతుంది. కొన్ని కోర్సులు ఏడాదికి ఒకసారి మాత్రమే బోధిస్తారు గనుక ఆలస్యం ఇంకా పెరుగవచ్చును.

పరిశోధనా పద్ధతుల ప్రాముఖ్యం

విద్యార్థులు ఎక్కువగా వెనుకాడే కోర్సు ఇదే. అయితే ఈ శాస్త్రంలో నమ్మకానికి, నిరూపణకు మధ్య ఉన్న తేడాను తెలిపేది కూడా ఇదే.

1972-73లో కాన్సాస్ సిటీలో 15 గస్తీ ప్రాంతాలను మూడు వర్గాలుగా విభజించి పరీక్షించారు. ఒక వర్గంలో సాధారణ గస్తీని ఆపివేశారు, రెండవ దానిలో రెండు మూడు రెట్లు పెంచారు, మూడవ దానిలో యథాతథంగా ఉంచారు. నేరాలలో గాని, ప్రజల భయంలో గాని చెప్పుకోదగిన తేడా కనబడలేదు. కారులో తిరిగే గస్తీ వలన నేరాలు తగ్గుతాయన్న నమ్మకాన్ని ఈ ఫలితం ప్రశ్నార్థకం చేసింది.

1981-82లో మినియాపోలిస్‌లో గృహహింస కేసులపై జరిగిన ప్రయోగంలో నిందితుని అరెస్టు చేసినపుడు హింస తిరిగి జరుగుట తక్కువగా కనబడింది. దీని ఆధారంగా అనేక చోట్ల అరెస్టును ప్రోత్సహించే విధానాలు వచ్చాయి. తరువాత ఇతర నగరాలలో జరిపిన ప్రయోగాలలో ఫలితాలు ఒకే రీతిగా రాలేదు. ఒక్క ప్రయోగంపై ఆధారపడి కుటుంబాల భద్రతకు సంబంధించిన విధానం నిర్ణయించవచ్చునా అన్న ప్రశ్నకు తరగతి గదులలో ఇది నేటికీ ఉదాహరణ.

నేర గణాంకాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఎఫ్.బి.ఐ. 1930 నుండి పోలీసులకు అందిన నేరాలను లెక్కిస్తున్నది. 1973 నుండి జరుగుతున్న బాధితుల సర్వే ఇంటింటా ప్రజలను అడిగి, పోలీసులకు చెప్పని నేరాలను కూడా నమోదు చేస్తున్నది. కాని బాధితుడు సజీవుడై ఉండడు గనుక హత్యలు ఈ సర్వేలోకి రావు. 2021లో ఎఫ్.బి.ఐ. కొత్త నమోదు పద్ధతికి మారినపుడు అనేక పోలీసు శాఖలు వివరాలు పంపలేకపోయాయి. ఈ సంగతి తెలియనివారు ఆ ఏటి అంకెలను ఇతర సంవత్సరాలతో పోల్చి పొరబడే ప్రమాదం ఉన్నది.

వృత్తి లక్ష్యాన్ని బట్టి ఐచ్ఛికాలు

పోలీసు: చాలా స్థానిక శాఖలకు నాలుగేళ్ళ పట్టా తప్పనిసరి కాదు. పట్టా ఉన్నా అకాడమీ శిక్షణ తప్పదు. స్పానిష్ వంటి రెండవ భాష, మనస్తత్వ శాస్త్రము ఉపయోగపడతాయి.
ఎఫ్.బి.ఐ. ఏజెంటు: పట్టా, కనీసం 23 ఏళ్ళ వయసు, ఉద్యోగానుభవం, అమెరికా పౌరసత్వం కావాలి. పట్టా ఏ విషయంలోనైనా ఉండవచ్చును. గణకశాస్త్రము, కంప్యూటర్ విద్య, విదేశీ భాషలు మైనర్‌గా మేలు చేస్తాయి.
ప్రొబేషన్ అధికారి: మనస్తత్వ శాస్త్రము, సమాజసేవ, మాదకద్రవ్య వ్యసనాలకు సంబంధించిన కోర్సులు.
న్యాయవాది: న్యాయ కళాశాలలు ప్రత్యేకించి ఏ విషయాన్నీ కోరవు. రచన, తర్కశాస్త్రము, తత్వశాస్త్రము మంచి పునాది.
ప్రయోగశాల శాస్త్రజ్ఞుడు: క్రిమినల్ జస్టిస్ పట్టా మాత్రమే చాలదు. డి.ఎన్.ఎ. పరీక్షకునికి జీవరసాయన శాస్త్రము, జన్యుశాస్త్రము, అణు జీవశాస్త్రములలో చదువు ఉండాలి. ఈ లక్ష్యం గలవారు మొదటి సంవత్సరంలోనే విజ్ఞానశాస్త్ర పట్టాకు మారడం ఉత్తమం.

క్రెడిట్ల బదిలీ

ఖర్చు తగ్గించుకొనుటకు చాలామంది మొదటి రెండేళ్ళు కమ్యూనిటీ కళాశాలలో 60 క్రెడిట్లు చదివి తరువాత విశ్వవిద్యాలయంలో చేరుతారు. అక్కడ పొందిన క్రెడిట్లన్నీ ప్రధాన విషయం క్రింద లెక్కకు రాకపోవచ్చును, కొన్ని ఐచ్ఛికాలుగా మాత్రమే మిగులుతాయి. రెండు సంస్థల మధ్య వ్రాతపూర్వక ఒప్పందం ఉన్నదా అని కోర్సులు ఎంచుకొనుటకు ముందే విచారించాలి.

విదేశీ విద్యార్థులు

తెలుగు రాష్ట్రాల నుండి అమెరికా వెళ్ళే విద్యార్థులు ఈ కోర్సులో చేరే ముందు కొన్ని విషయాలు గమనించాలి. కేంద్ర దర్యాప్తు ఉద్యోగాలకు పౌరసత్వం అవసరం గనుక ఎఫ్-1 వీసాపై చదివినవారికి ఆ ద్వారం తెరచుకోదు. ఆ వీసాలో ప్రతి సెమిస్టర్‌కు సాధారణంగా కనీసం 12 క్రెడిట్లు చదవాలి. చదువు తరువాత లభించే 12 నెలల పని అనుమతి చదివిన విషయానికి సంబంధించినదై ఉండాలి. విజ్ఞాన, సాంకేతిక కోర్సులకు ఇచ్చే అదనపు 24 నెలల జాబితాలో ఫోరెన్సిక్ సైన్స్ ఉన్నది, సాధారణ క్రిమినల్ జస్టిస్ కోర్సు లేదు. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి గనుక చేరే సమయంలో కళాశాలలోని విదేశీ విద్యార్థుల కార్యాలయంలో సరిచూసుకోవాలి.

భారతదేశంలో

భారతదేశంలో ఈ పట్టా న్యాయవాద వృత్తికి అర్హత కాదు. దానికి బార్ కౌన్సిల్ గుర్తించిన న్యాయ పట్టా కావాలి. ఐ.పి.ఎస్.కు ఏదైనా పట్టాతో సివిల్ సర్వీసుల పరీక్ష వ్రాయవచ్చును. ఎంపికైనవారికి హైదరాబాదులోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ ఇస్తారు. మధ్యప్రదేశ్‌లోని సాగర్ విశ్వవిద్యాలయంలో 1959లోనే నేరశాస్త్ర, ఫోరెన్సిక్ విభాగం ఏర్పడింది. 2020లో పార్లమెంటు చట్టం ద్వారా గాంధీనగర్ కేంద్రంగా జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమ్ అమలులోకి వచ్చాయి. అమెరికాలో చదివి తిరిగి వచ్చేవారు ఈ చట్టాలను ప్రత్యేకంగా నేర్చుకొనవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

నేరశాస్త్రము
ఫోరెన్సిక్ సైన్స్
భారతీయ న్యాయ సంహిత
సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ