కాలనీ అంటే ఎవరి కాలనీ?

ఐఎస్ సదన్ నుంచి చంపాపేట్ మీదుగా సాగర్ రింగ్ రోడ్డు వైపు వెళ్లేవారికి రోడ్డుకు రెండు పక్కలా కమాన్లు కనిపిస్తూనే ఉంటాయి. ప్రతి కమాను మీదా ఏదో ఒక పేరు, దాని పక్కన 'కాలనీ'. లోపల సంక్షేమ సంఘం ఆఫీసు, వినాయక మండపం వేసే ఖాళీ జాగా, నీళ్ల ట్యాంకరు రాలేదని మాట్లాడుకునే నాలుగు గుమ్మాలు. ఇంగ్లీషు ముక్క రాని ముసలమ్మ కూడా 'మా కాలనీ' అనే అంటుంది. తెలుగులో ఇంతగా ఇంటి మాటైపోయిన ఈ ఇంగ్లీషు పదం చంపాపేట్ చేరే ముందు చాలా ఊళ్లు తిరిగింది. తిరిగిన ప్రతిచోటా అర్థాన్ని కొంత పారేసుకుంది, కొంత కూడగట్టుకుంది.

దీని పుట్టుక లాటిన్‌లో. 'కొలెరె' అంటే దున్నడం, ఒకచోట నివాసముండడం, కొలవడం. దున్నేవాడు 'కొలోనుస్', అతని స్థావరం 'కొలోనియా'. కల్చర్, అగ్రికల్చర్ ఈ ఇంటి బిడ్డలే. ఇంకా వెనక్కి వెళితే భాషాశాస్త్రజ్ఞులు 'క్వెల్' అనే ఇండో-యూరోపియన్ ధాతువును చూపిస్తారు. తిరగడం, మసలడం అని దాని భావం. అదే ధాతువు సంస్కృతంలో ల-కారం ర-కారమై 'చరతి' అయింది, ద్విత్వం పొంది 'చక్రం' అయింది. గ్రీకులో 'కిక్లోస్' అయి, అక్కడి నుంచి 'సైకిల్'గా మనకు చేరింది. చంపాపేట్ కాలనీలో పిల్లవాడు సైకిల్ చక్రానికి గాలి కొట్టుకుంటుంటే అక్కడ ఒకే వంశానికి చెందిన మూడు పదాలు కలుసుకున్నట్టే.

రోమన్ల కొలోనియా ఎలా ఏర్పడేదో చూస్తే హైదరాబాద్ వాసికి నవ్వు రాక మానదు. సైన్యంలో పనిచేసి దిగిపోయిన సిపాయిలకు గెలిచిన నేల మీద భూమి పంచేవారు. సర్వేయర్లు వచ్చి గీతలు గీసి, అడ్డంగా నిలువుగా దారులు తీసి, హద్దు రాళ్లు పాతేవారు. ఎవరికి ఏ ముక్క రావాలో చీట్లు వేసి తేల్చేవారు. లేఅవుట్, ప్లాటు, లాటరీ అనే మాటలు మనవాళ్లు కొత్తగా నేర్చారు గానీ పని మాత్రం రెండు వేల ఏళ్లనాటిది. అలాంటి ఒక స్థావరానికి క్రీ.శ. 50లో క్లాడియస్ చక్రవర్తి భార్య అగ్రిప్పినా చొరవతో కొలోనియా హోదా దక్కింది. ఆమె పుట్టిందీ అక్కడే. కాలక్రమంలో దాని పొడవాటి పేరంతా అరిగిపోయి 'కొలోనియా' ఒక్కటే మిగిలింది. అదే ఇప్పటి జర్మనీలోని కొలోన్ నగరం. 1709లో ఇటలీ నుంచి వచ్చిన ఫరీనా కుటుంబం అక్కడ అత్తరు వ్యాపారం పెట్టింది. ఆ సువాసన నీళ్లకు ఊరి పేరే స్థిరపడింది. దిల్‌సుఖ్‌నగర్ ఫ్యాన్సీ షాపులో కొలోన్ సీసా కొనేవాడు, అర్థం ప్రకారం, కాలనీనే జేబులో వేసుకుని పోతున్నాడు.

కొలోనుస్ కథ మాత్రం ఇంత పరిమళంగా సాగలేదు. సామ్రాజ్యపు చివరి రోజుల్లో ఆ మాటకు కౌలుదారు అనే అర్థం స్థిరపడింది. క్రీ.శ. 332లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి చేసిన శాసనం, పొలం విడిచి పారిపోయిన కొలోనుస్‌ను పట్టి తెచ్చి పాత యజమానికి అప్పగించమంది. నేలకు కట్టేసిన రైతు అన్నమాట. వెట్టి సంగతి తెలిసిన తెలంగాణ పాఠకుడికి దీనిమీద వ్యాఖ్యానం అక్కర్లేదు.

గ్రీకులకు ఇదే పనికి వేరే మాట ఉండేది: 'అపోయికియా', ఇంటికి దూరంగా అని. ఏ ఊరి నుంచి జనం బయలుదేరి కొత్త స్థావరం వేశారో ఆ ఊరు 'మెట్రోపొలిస్', అంటే తల్లి నగరం. లండన్‌లో 1863లో నడిచిన మెట్రోపాలిటన్ రైల్వే, తర్వాత పారిస్ భూగర్భ రైలు ఆ మాటను పట్టాలెక్కించాయి. దాని పొట్టి రూపం 'మెట్రో' 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్ దాకా వచ్చింది. ఎల్బీనగర్‌లో ఎక్కితే మొదటి స్టేషన్ విక్టోరియా మెమోరియల్. సరూర్‌నగర్‌లోని అనాథ బాలల ఆశ్రమం నుంచి వచ్చిన పేరది. కాలనీల నడుమ, తల్లి నగరం పేరున్న రైలు, ప్రపంచంలో పెద్ద భాగాన్ని కాలనీగా ఏలిన రాణి పేరున్న స్టేషన్‌లో ఆగుతుంది. ఎల్బీనగర్ పేరులోని లాల్ బహదూర్ శాస్త్రి ఆ రాణి వారసుల జైళ్లలో ఏళ్ల తరబడి గడిపినవాడు.

ఆ ఏలుబడి అర్థంలో కాలనీకి తెలుగువారు కట్టిన మాట 'వలస రాజ్యం'. ఇది కాస్త ఆలోచించదగ్గ అనువాదం. వలస అంటే కరువుకో భయానికో ఊరు విడిచి పోవడం. పాలమూరు కూలీ బొంబాయికి పోతే వలస. తుపాకులతో దిగి మరొకరి నేలను ఏలితే అదీ వలసే. పోయేవాడికీ పడగొట్టేవాడికీ ఒకే మాట వాడిన తెలుగు, ఆ పాలనను ఒకింత మెత్తగానే వర్ణించిందనాలి. తెలంగాణ ఉద్యమం ఆ మెత్తదనాన్ని వదిలించింది. 'వలస పాలకులు' అన్న నినాదంలో కూలీ ఛాయ ఎక్కడా లేదు.

మరి ఏలుబడి మాట నివాసపు మాటగా ఎలా దిగింది? మన దగ్గర దానికి దారి వేసినవాటిలో రైల్వే ముఖ్యమైంది. కాజీపేట, విజయవాడ వంటి జంక్షన్లలో ఉద్యోగులకు వరుసగా కట్టిన క్వార్టర్లు రైల్వే కాలనీలయ్యాయి. ఉద్యోగం ఒకటే అయినవాళ్లు ఒకచోట ఉండే చోటు కాలనీ అన్న భావం అక్కడ బలపడింది. తూర్పు హైదరాబాద్ పేర్లలో ఆ గుర్తు చెదరలేదు: దిల్‌సుఖ్‌నగర్‌లో పి అండ్ టి కాలనీ, కొత్తపేట వైపు టెలిఫోన్ కాలనీ, వనస్థలిపురంలో ఎన్జీవోస్ కాలనీ. చివరిదాన్ని చూసి స్వచ్ఛంద సంస్థలవాళ్లు ఉంటారనుకుంటే పొరపాటు. వాళ్లు నాన్ గెజిటెడ్ ఆఫీసర్లు. తపాలా, టెలిఫోను, సచివాలయం... ఒక తరం జీతాల చరిత్ర ఈ కమాన్ల మీద రాసి ఉంది. 2007లో ఎల్బీనగర్ మునిసిపాలిటీ గ్రేటర్‌లో కలిసిపోయింది గానీ కాలనీల పేర్లు మాత్రం కదల్లేదు.

ఇక్కడి కాలనీకి ఎదురు మాట బస్తీ. రెండింటికీ మూలార్థం జనం ఉండే చోటనే. కానీ ఒకటి పైకెక్కింది, మరొకటి కిందికి జారింది. ఎన్నికల ప్రచారంలో నాయకులు 'కాలనీల్లోనూ బస్తీల్లోనూ' అని జంటగా పలుకుతారు. అలా పలకడంలోనే తేడా ఒప్పుకుంటున్నారు. సైదాబాద్‌లో సింగరేణి కాలనీ అంటే ఆఫీసర్ల ఇళ్లా, గుడిసెలా అని అడగాల్సి వస్తుంది. ఒకే పేరు రెంటికీ ఉంది.

ఈ రెండు ముఖాలు మనకే ప్రత్యేకం కావు. మెక్సికోలో 'కొలోనియా' అంటే ఏ పేటైనా సరే. 2018లో వచ్చిన 'రోమా' సినిమాకు ఆ పేరు మెక్సికో సిటీలోని కొలోనియా రోమా నుంచే వచ్చింది. సరిహద్దు నది దాటి టెక్సాస్‌లో అడుగుపెడితే అదే మాట, నీటి కుళాయీ మురుగు కాలువా సరిగా లేని పేదల స్థావరానికి పేరవుతుంది. నది ఇవతల చిరునామా, అవతల లేమి.

తెలుగు నేల మీద అలాంటి నది ప్రతి ఊళ్లోనూ ఉంది. పల్లెలో 'ఊళ్లోవాళ్లు', 'కాలనీవాళ్లు' అంటే చాలు, కులం చెప్పనక్కర్లేదు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ తన నవలకు 'మాలపల్లి' అని పేరు పెట్టిన కాలం నుంచి ఆ చోటు పేర్లు మారుతూ వచ్చాయి. హరిజనవాడ అన్నారు, తర్వాత ఎస్సీ కాలనీ అన్నారు. ప్రభుత్వం ఇళ్లు కట్టించినప్పుడు కాలనీ అని బోర్డు పెట్టింది. బోర్డు కొత్తది, జాగా మాత్రం పాతది. ఊరి చివరే. 1985 జూలైలో కారంచేడులో దళితులపై దాడి తర్వాత ఊరు విడిచి చీరాల చేరిన దళిత కుటుంబాలు స్థిరపడిన చోటు పేరూ విజయనగర్ కాలనీయే. వలస, కాలనీ అన్న రెండు మాటలూ నిజంగా కలిసిన చోటు అది.

దక్షిణాదిలో మరో రెండు రాష్ట్రాలు దీన్ని గుర్తించాయి. 2024 జూన్ 18న కేరళ మంత్రి కె. రాధాకృష్ణన్ పదవి వీడుతూ సంతకం చేసిన ఉత్తర్వు, షెడ్యూల్డ్ కులాల, తెగల ఆవాసాలను ఇకపై కాలనీ అనకూడదంది. నగర్, ఉన్నతి, ప్రకృతి వంటి పేర్లు సూచించింది. 2025 ఏప్రిల్ 29న తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ఆ మాటను ప్రభుత్వ రికార్డుల నుంచి తొలగిస్తామని శాసనసభలో ప్రకటించారు. అది అంటరానితనపు గుర్తుగా మారిందని కారణం చెప్పారు. అక్కడ అవమానమైన మాటే చంపాపేట్ కమాను మీద ప్రతిష్ఠ. ఇక్కడ దాని కోసం ప్లాటు ధర పెంచి అడుగుతారు.

అసలైన కొలోనుస్‌కు మాత్రం ఈ మాట దక్కలేదు. నిజాంసాగర్ ఆయకట్టుకూ, కర్ణాటకలో తుంగభద్ర కాలువల కిందికీ వెళ్లి బీడు దున్నిన కోస్తా రైతుల ఊళ్లను 'క్యాంపు' అంటారు. గుడారాల మీదుగా వచ్చిన ఆ మాటకు లాటిన్ మూలం 'కంపుస్', అంటే పొలం. పొలం మాట రైతుకు దక్కింది సరే, రైతు మాట మాత్రం నగరంలో ప్లాట్లకు పోయింది.

ఇక నిఘంటుకర్తలకు ఒక మనవి. 'కాలనీ' దగ్గర వలస రాజ్యం, నివాస ప్రాంతం అని రెండు అర్థాలు రాసి ఊరుకోవద్దు. ఊరి చివరి ఎస్సీ ఆవాసం అన్న పల్లె వాడుకను మూడో అర్థంగా విడిగా చేర్చండి.