పెద్దలను ఎవరు ఎన్నుకోవాలి?
అమెరికా లూథరన్ సంఘ చరిత్ర నుంచి మనకు ఒక పాఠం

మన పత్రికలో క్రైస్తవ సంఘం ఎన్నికల గురించి వ్యాసమేమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. మారిషస్ తెలుగువారిలో చాలామందిమి రామభజన మందిరాల్లో పెరిగినవాళ్ళం. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ మన ఇళ్ళ పండుగలు. అయినా ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. పరాయి నేలకు కూలికి వెళ్ళిన జనం తమ పెద్దలను తామే ఎన్నుకునే హక్కును ఎలా సంపాదించుకున్నారన్నదే ఈ కథ. అది అమెరికాలో మొదలై, మన తాతల ఆంధ్రదేశం మీదుగా సాగింది.

తెలుగులో ‘పెద్ద’ అనే మాట ఉంది. వయసులో పెద్దవాడూ పెద్దే, ఊరికి తీర్పు చెప్పేవాడూ పెద్దే. గుంటూరు వైపు చర్చీల్లో సంఘం నడిపేవారిని కూడా ‘సంఘ పెద్దలు’ అంటారు. వయసు దేవుడిచ్చేది. పదవిని ఎవరివ్వాలి? ఈ ప్రశ్నకు లూథరన్లు జవాబు వెతుక్కోవడానికి రెండు వందల సంవత్సరాలకు పైగా పట్టింది.

ఓడ ఖర్చుకు అమ్ముడుపోయినవారు

పద్దెనిమిదవ శతాబ్దంలో జర్మన్ దేశాల నుంచి వేలాది బీదలు అమెరికాలోని పెన్సిల్వేనియాకు వెళ్ళారు. చాలామంది దగ్గర ఓడ ఖర్చుకు డబ్బు లేదు. ఓడ ఫిలడెల్ఫియా రేవుకు చేరాక కొనుగోలుదారులు ఓడ ఎక్కి, మనుషులను చూసి, వారి ఓడ బాకీ చెల్లించి, కొన్ని సంవత్సరాల చాకిరీకి ఒప్పందం రాయించుకునేవారు. పిల్లలైతే ఇరవై ఒక్క సంవత్సరాలు నిండేదాకా పనిచేయవలసి వచ్చేది. వీరిని ‘రిడెంప్షనర్లు’ అనేవారు. కోరంగి రేవులో ఒప్పందం మీద వేలిముద్ర వేసిన మన ముత్తాతలకు ఈ కథ కొత్త కాదు.

ఒక పెద్ద తేడా మాత్రం చెప్పాలి. గడువు తీరాక ఆ జర్మన్లు స్వేచ్ఛగా తిరగగలిగారు, భూమి సంపాదించుకున్నారు. మన వారికి గడువు తీరినా విడుదల రాలేదు. 1867 చట్టం తరువాత ఈ దీవిలో ‘పాత వలసదారు’ ఫోటో అంటించిన టిక్కెట్టు జేబులో లేకుండా రోడ్డు మీదకు రావడానికి లేదు.

ఆ జర్మన్లలో చాలామంది లూథరన్లు. వారి స్వదేశంలో సంఘానికి రాజే పెద్ద. పాస్టర్లను అధికారులే నియమించేవారు. సామాన్యుడికి అందులో మాట లేదు. పెన్సిల్వేనియాలో రాజు పోషించే సంఘం లేదు. చర్చి కట్టుకోవాలన్నా, పాస్టరుకు జీతం ఇవ్వాలన్నా జనం తమ జేబులోంచే తీయాలి. డబ్బిచ్చే చేయి నోరు కూడా విప్పుతుంది.

1733లో మూడు ఊళ్ళ సంఘాలు కలిసి, మాకు ఒక పాస్టరును పంపండి అని తమ ప్రతినిధులను యూరపుకు పంపాయి. తొమ్మిది సంవత్సరాల తరువాత, 1742లో, హెన్రీ మెల్కియర్ మ్యూలెన్‌బర్గ్ అనే పాస్టరు వచ్చాడు. అమెరికా లూథరన్ సంఘానికి పునాది వేసినవాడిగా ఆయనను చెప్పుకుంటారు. 1748 ఆగస్టులో ఫిలడెల్ఫియాలో ఆయన పాస్టర్లను, సంఘాల ప్రతినిధులను ఒకచోట కూర్చాడు. దానినే తరువాత పెన్సిల్వేనియా మినిస్టీరియం అన్నారు. అమెరికాలో నిలిచిన మొదటి లూథరన్ సినడ్ అదే.

ఆ సభలో పాస్టర్లు కాని సామాన్య ప్రతినిధులు కూడా కూర్చున్నారు. తమ సంఘాల సంగతులు చెప్పుకున్నారు. కాని వారికి ఓటు లేదు. ఓటు పాస్టర్లదే.

1762లో మ్యూలెన్‌బర్గ్ ఫిలడెల్ఫియాలోని సెయింట్ మైకేల్ సంఘానికి ఒక నిబంధనావళి తయారు చేశాడు. సంఘ పెద్దలను, విచారణకర్తలను సభ్యులే ఓటు వేసి ఎన్నుకోవాలని అందులో రాశారు. తరువాత అనేక సంఘాలు దానినే మాదిరిగా తీసుకున్నాయి. ఈ విధంగా ఊరి చర్చిలో ఓటు ముందు వచ్చింది. సినడ్‌లో సామాన్య ప్రతినిధులకు ఓటు వచ్చింది మాత్రం 1792లో. 1748 నుంచి లెక్కిస్తే 44 సంవత్సరాలు. అప్పుడు కూడా కొత్త పాస్టర్లను పరీక్షించి అభిషేకించే విషయాలు పాస్టర్ల చేతిలోనే ఉంచుకున్నారు. డబ్బు, నియమాలు, సంఘాల తగవులు అందరి ముందుకు వచ్చాయి.

ఇంతలో దేశమే మారింది. అమెరికా స్వతంత్రమై, 1789లో మొదటి ప్రతినిధుల సభ కూర్చున్నప్పుడు దాని మొదటి స్పీకరుగా ఎన్నికైనవాడు ఫ్రెడరిక్ మ్యూలెన్‌బర్గ్, ఆ పాస్టరుగారి కొడుకే. అతడూ మొదట లూథరన్ పాస్టరుగా పనిచేసినవాడు.

గుంటూరులో నూట రెండు సంవత్సరాలు

ఈ పెన్సిల్వేనియా మినిస్టీరియం పంపిన మనిషే జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. జర్మనీలో 1793లో పుట్టి, పద్నాలుగో ఏట అమెరికా చేరినవాడు. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టాడు. పది సంవత్సరాల క్రితం వచ్చిన భయంకరమైన కరువు ఆ జిల్లాను ఇంకా వదలలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1839లో ఆగిపోయిన మారిషస్ వలస తిరిగి మొదలయింది. ఒక ఓడ పాస్టరును తెలుగుదేశానికి తెస్తూంటే, ఇంకొక ఓడ తెలుగు కూలీలను చెరకు తోటలకు తీసుకుపోతోంది. ఈ దీవిలో మనవారిని ‘కోరంగీలు’ అని పిలిచింది ఆ రేవు పేరు మీదనే.

అమెరికా లూథరన్లలో 1867 నాటికి పెద్ద చీలిక వచ్చింది. పెన్సిల్వేనియా మినిస్టీరియం పాత జనరల్ సినడ్‌ను విడిచి జనరల్ కౌన్సిల్ వైపు వెళ్ళింది. రెండు సంవత్సరాలకు రాజమండ్రి మిషన్‌ను ఇంగ్లీషు వారి సంఘానికి అప్పగించబోతున్నారని తెలిసి, ముసలి హయ్యర్ 1869 సమావేశంలో లేచి, నేనే మళ్ళీ వెళ్తానన్నాడు. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది. ఆయన వెళ్ళాడు, రాజమండ్రి దక్కింది. కాని అమెరికాలోని చీలిక తెలుగు నేల మీద కూడా నిలిచింది. గుంటూరు ఒకరిది, రాజమండ్రి ఇంకొకరిది. ఆ చీలిక గురించి ఓటు వేసినవారిలో గుంటూరు, రాజమండ్రి విశ్వాసులు ఒక్కరూ లేరు.

1918లో అమెరికాలో మూడు వర్గాలు కలిసి యునైటెడ్ లూథరన్ సంఘం ఏర్పడింది. దాని ఫలితంగా ఇక్కడ కూడా గుంటూరు, రాజమండ్రి కలిసి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం వెలిసింది. దానికి నిబంధనలు ఉన్నాయి, మహాసభ ఉంది. అయినా అధ్యక్ష పీఠం దొరల చేతిలోనే ఉండిపోయింది. మొదటి భారతీయ అధ్యక్షుడుగా ఇ. ప్రకాశం గారు వచ్చింది 1944లో. హయ్యర్ గుంటూరు చేరిన నాటి నుంచి 102 సంవత్సరాలు.

పెన్సిల్వేనియాలో నలభై నాలుగు సంవత్సరాలు పట్టినది గుంటూరులో అంతకాలం ఎందుకు పట్టింది? నాకు తోచిన ముఖ్య కారణం ఒకటే. పెన్సిల్వేనియాలో పాస్టరు జీతం జనానిది. గుంటూరులో బడికి, ఆసుపత్రికి, అయ్యగారి జీతానికి డబ్బు సముద్రం అవతలి నుంచి వచ్చేది. డబ్బుతోపాటు అధికారమూ అవతలే ఉండిపోయింది. దొరలు చెడ్డవారని నేను అనడం లేదు. వారిలో 1883లో వచ్చి గుంటూరులో ఆడవారి వైద్యానికి జీవితం ధారపోసిన డాక్టర్ అన్నా కూగ్లర్ వంటివారున్నారు. మంచివారి చేతిలో ఉన్నా, అడగకుండా నడిచే అధికారం ఎదుటివారిని ఎప్పటికీ పిల్లలుగానే చూస్తుంది.

ఇప్పుడు ఎలా ఎన్నుకుంటారు?

అమెరికాలోని లూథరన్ సంఘాలలో పెద్దది ఇవాంజెలికల్ లూథరన్ చర్చ్ ఇన్ అమెరికా. 1987లో మూడు సంఘాలు కలిసి దానిని స్థాపించగా, 1988 జనవరి 1 నుంచి పని మొదలుపెట్టింది. దాని నియమాలు మన సభలవారు ఒకసారి చదవవలసినవి.

మహాసభలో, కౌన్సిల్‌లో, కమిటీలలో నూటికి కనీసం 60 మంది పాస్టర్లు కాని సామాన్య విశ్వాసులు ఉండాలి. ఆ సామాన్యులలో సాధ్యమైనంతవరకు సగం ఆడవారు, సగం మగవారు ఉండాలి. నల్లవారు, ఇతర జాతులవారు, ఇంగ్లీషు మాతృభాష కానివారు కనీసం నూటికి పదిమంది ఉండాలని లక్ష్యం పెట్టుకున్నారు. దేశం మొత్తానికి అధ్యక్ష బిషప్పు పాస్టరే అయినా, ఉపాధ్యక్ష పదవి సామాన్యులదే. సంఘ కౌన్సిల్‌కు అధ్యక్షత వహించేది ఆ ఉపాధ్యక్షుడే.

బిషప్పు ఎన్నిక ఇంకా విశేషమైనది. మొదటి విడతలో పేర్ల జాబితా ఉండదు. ఖాళీ చీటీ మీద అర్హత ఉన్న ఏ పాస్టరు పేరైనా రాయవచ్చు. ఎవరికైనా నాలుగింట మూడు వంతుల ఓట్లు వస్తే ఎన్నిక అక్కడితో ముగిసింది. రాకపోతే రెండో విడత, దానికీ అదే లెక్క. మూడో విడతలో మొదటి ఏడుగురే మిగులుతారు, మూడింట రెండు వంతులు కావాలి. నాలుగో విడతలో ముగ్గురు, నూటికి అరవై కావాలి. చివరికి ఇద్దరు మిగిలితే సగానికి పైన వచ్చినవారు గెలుస్తారు. అంటే మొదట అందరికీ నచ్చినవారి కోసం వెతుకుతారు. అది కుదరనప్పుడే మెజారిటీకి దిగుతారు. పదవీకాలం ఆరు సంవత్సరాలు.

ఈ పద్ధతి వల్ల ఎవరు పైకి వచ్చారో చూడండి. ఆ సంఘపు పూర్వ సంఘాలలో ఒకటైన లూథరన్ చర్చ్ ఇన్ అమెరికా 1970లో ఎలిజబెత్ ప్లాట్జ్ అనే స్త్రీకి పాస్టరుగా అభిషేకం ఇచ్చింది. 1992లో ఏప్రిల్ లార్సన్ ఒక సినడ్‌కు బిషప్పుగా ఎన్నికయ్యారు. 2013లో ఎలిజబెత్ ఈటన్ అప్పటికి పదవిలో ఉన్న మార్క్ హాన్సన్‌ను ఓడించి మొత్తం సంఘానికి అధ్యక్ష బిషప్పు అయ్యారు.

తోటల చరిత్ర తెలిసిన మనకు ఇంకొక పేరు ముఖ్యం. 1832లో న్యూయార్క్ లూథరన్లు జెహూ జోన్స్ అనే నల్లజాతి మనిషికి పాస్టరు పదవి ఇచ్చారు. ఇచ్చి, చేయూతనివ్వలేదు. ఫిలడెల్ఫియాలో ఆయన కట్టిన చర్చి అప్పులపాలై చేయిజారిపోయింది. 2025 జూలైలో ఫీనిక్స్ నగరంలో జరిగిన మహాసభ యెహీయెల్ కర్రీ అనే నల్లజాతి పాస్టరును అధ్యక్ష బిషప్పుగా ఎన్నుకుంది. మధ్యలో 193 సంవత్సరాలు.

ఓటుతో అన్నీ బాగుపడతాయని నేను చెప్పను. 1988లో యాభై లక్షలు దాటిన ఆ సంఘ సభ్యుల సంఖ్య ఇప్పుడు ముప్పై లక్షల లోపుకు పడిపోయింది. సభ్యులలో అత్యధికులు ఇప్పటికీ తెల్లవారే. ఓటు ఉన్నంత మాత్రాన జనం నిలవరు. కాని ఓటు లేని చోట, ఎందుకు వెళ్ళిపోతున్నారని అడిగేవారు కూడా ఉండరు.

మన ఇంటి మాట

ఇక మన సంగతి. 1947 రాజ్యాంగంతో మారిషస్‌లో ఓటు హక్కు విస్తరించింది. ఈ దీవిలో వాడుకలో ఉన్న భాషలలో ఏదో ఒకదానిలో సులభమైన వాక్యాలు చదివి రాయగలిగితే చాలు, ఓటు వచ్చేది. ఆ భాషలలో తెలుగు ఒకటి. సుమారు 12,000 ఉన్న ఓటర్లు 1948 ఎన్నికలకు 70,000 దాటారు. మా తాత ఆ సంవత్సరం ఎస్టేటు కాంపులో, పొద్దు గూకాక దీపం ముందు కూర్చుని తన పేరూ, రెండు వాక్యాలూ తెలుగులో రాయడం నేర్చుకున్నాడని మా నాన్న చెప్పేవాడు. వేలిముద్రతో వచ్చిన కుటుంబం అక్షరంతో ఓటు తెచ్చుకుంది. నేను సాయంకాల తరగతులలో తెలుగు నేర్చుకోవడానికి మొదటి కారణం ఆ కథే.

అటువంటి తాతకు మనవడినై ఉండి నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చాలా సంవత్సరాల క్రితం ఒక సభ వార్షిక సమావేశంలో నేను కార్యదర్శికి సహాయకుడిని. పెద్దలు ముందు రాత్రే పేర్లు రాసి తెచ్చారు. చదివారు, అందరూ చప్పట్లు కొట్టారు, ఎన్నిక అయిపోయింది. వెనక వరుసలో ఒకావిడ చెయ్యి ఎత్తింది. పదిహేను సంవత్సరాలుగా పిల్లలకు ఉచితంగా అక్షరాలు నేర్పుతున్న మనిషి. మినిట్స్ పుస్తకం నా చేతిలో ఉంది. ఆ చెయ్యి నేను చూశాను. చూడనట్టు ‘ఏకగ్రీవంగా’ అని రాశాను. తరువాతి సంవత్సరం ఆవిడ రాలేదు. ఆవిడతో పాటు ఆ తరగతీ పోయింది.

పెన్సిల్వేనియావారు నలభై నాలుగు సంవత్సరాలు ఓటు లేకుండా సభలో కూర్చున్నారు. గుంటూరువారు నూట రెండు సంవత్సరాలు తమ పీఠం కోసం కాచుకున్నారు. మన సభలలో ఆడవారు, యువకులు ఎన్ని సంవత్సరాలుగా వెనక వరుసలో కూర్చున్నారో ప్రతి సభవారూ లెక్క చూసుకోవాలి. వచ్చే వార్షిక సమావేశానికి ముందే పేర్లు రాసి తేవద్దు. అందరి చేతికీ ఒక ఖాళీ చీటీ ఇవ్వండి. ఎవరి పేర్లు వస్తాయో చూద్దాం. చీటీ మీద పేరు తెలుగులో రాస్తే మా తాత ఇంకా సంతోషిస్తాడు.