నాటీ ఎవడు, రౌడీ ఎవడు?



మొన్న స్టాఫ్ రూములో ఇద్దరు కుర్రాళ్ల ప్రస్తావన వచ్చింది. ఇద్దరూ కలిసే క్లాసు ఎగ్గొట్టి గోడ దూకారు. ఆఫీసరుగారి అబ్బాయిని "నాటీ ఫెలో" అని నవ్వేశారు. హాస్టల్లో ఉండే మనవాణ్ణి "రౌడీ వెధవ" అన్నారు. పని ఒకటే, పేర్లు రెండు. ఇంటికొచ్చి నిఘంటువులు తిరగేశాను.

ఇంగ్లీషులో "నాట్" అంటే ఏమీ లేకపోవడం. 14వ శతాబ్దంలో "నాటీ" అంటే చేతిలో ఏమీ లేని నిరుపేద. తర్వాత దుర్మార్గుడనే అర్థం వచ్చింది. మాట వినని పిల్లాడనే అర్థం 17వ శతాబ్దంలో గానీ రాలేదు. అంటే లేమి ముందు తప్పైంది, ఎంతో కాలానికి ముద్దు మాటైంది.

"విలన్" మూలం లాటిన్ "విల్లా", అంటే పొలాలున్న ఎస్టేటు. అందులో పనిచేసేవాడే విలన్. మధ్యయుగపు ఇంగ్లండులో అతను దొర భూమికి కట్టుబడినవాడు, దొర అనుమతి లేకుండా ఊరు వదలకూడదు. మన వెట్టివాడి బతుకు గుర్తు రావడం లేదా? "నేవ్" అంటే మొదట కుర్రాడు, తర్వాత పనివాడు, చివరికి మోసగాడు. పేకలో జాకీకి పాత పేరు అదే. "రాస్కెల్" పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, అలగా జనం అని అర్థం.

మరి "జెంటిల్"? మంచి వంశంలో పుట్టినవాడు అన్నదే తొలి అర్థం. మెతకదనం, మర్యాద తర్వాత వచ్చి చేరాయి.

ఇది నిఘంటువులో ఆగి ఉంటే సరే అనుకునేవాణ్ణి. ఆ ఇంగ్లీషు దొరలే 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఫలానా కులంలో పుట్టడమే నేరానికి రుజువైంది. ఎరుకలవాళ్లను స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టి కాపలా కాశారు. 1952లో చట్టం పోయింది. ఆ ఊరి పేరు వింటే దొంగలే గుర్తొచ్చే అలవాటు మాత్రం పోలేదు.

తెల్లవాళ్లనే అనడం దేనికి? వెన్న దొంగిలించిన కృష్ణుడిది మనకు చిలిపితనం. దొరగారి తోటలో మామిడికాయ కోసిన మాదిగ పిల్లాడిది దొంగతనం. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఈ తేడా నాకు క్లాసులో రోజూ ఎదురవుతుంది.

తోటి మాస్టార్లకు ఒక్కటే మనవి. ఈసారి రిజిస్టరులో రిమార్కు రాసేటప్పుడు కుర్రాడు ఏం చేశాడో అది రాయండి. "గోడ దూకాడు" అని రాయండి చాలు. ఇద్దరికీ అదే రాయండి.