మౌలిక స్వరూప సిద్ధాంతం

మౌలిక స్వరూప సిద్ధాంతం అంటే, పార్లమెంటు భారత రాజ్యాంగంలోని ఏ భాగాన్నైనా సవరించవచ్చు గానీ దాని మౌలిక స్వరూపాన్ని దెబ్బతీయరాదని సుప్రీంకోర్టు నెలకొల్పిన న్యాయసూత్రం.

పుట్టుక: ప్రాథమిక హక్కులనూ సవరించవచ్చని శంకరీ ప్రసాద్ (1951), సజ్జన్ సింగ్ (1965) కేసులు తేల్చాయి. 1967లో గోలక్‌నాథ్ కేసులో, తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు నేతృత్వంలోని ధర్మాసనం 6–5 ఆధిక్యంతో ఆ అధికారాన్ని నిరాకరించింది. పార్లమెంటు 1971లో 24వ సవరణతో దాన్ని తిరిగి పొందింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 7–6 ఆధిక్యంతో ఆ సవరణను సమర్థిస్తూనే ఈ పరిమితిని విధించింది.

లక్షణాలు: మౌలికాంశాలకు స్థిరమైన జాబితా లేదు, కోర్టులు కేసులవారీగా నిర్ణయిస్తాయి. రాజ్యాంగ ఆధిక్యం, లౌకికతత్వం, సమాఖ్య స్వభావం, న్యాయసమీక్ష, న్యాయవ్యవస్థ స్వతంత్రత వీటిలో ముఖ్యమైనవి.

అన్వయం: 1976 నాటి 42వ సవరణ సవరణాధికారాన్ని నిర్దేశించే 368వ అధికరణలో చేర్చిన, ఆ అధికారాన్ని అపరిమితం చేసే 4, 5 క్లాజులను 1980లో మినర్వా మిల్స్ తీర్పు కొట్టివేసింది. ఆంధ్రప్రదేశ్ పరిపాలనా ట్రైబ్యునల్ ఉత్తర్వులను మార్చే, రద్దుచేసే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికిచ్చిన 371–డి (5) క్లాజు సాంబమూర్తి కేసులో చెల్లలేదు. 2007లో ఐ.ఆర్. కొయిలో తీర్పు, 1973 ఏప్రిల్ 24 తర్వాత న్యాయసమీక్ష నుంచి రక్షణనిచ్చే తొమ్మిదవ షెడ్యూలులో చేరిన చట్టాలనూ మౌలిక స్వరూప పరీక్షకు లోబరిచింది. జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను ఏర్పరచిన 99వ సవరణ 2015 అక్టోబరు 16న 4–1 ఆధిక్యంతో రద్దయింది.

ప్రాధాన్యం: సవరణాధికారం పార్లమెంటుదిగా, దాని హద్దుల నిర్ణయం న్యాయస్థానాలదిగా ఈ సిద్ధాంతం స్థిరపరచింది. బంగ్లాదేశ్ సుప్రీంకోర్టు 1989లో దీన్ని స్వీకరించింది.