అంపైరునకు ఏడాదికెన్ని ఆటలు?

పుత్తూరు పేరు చెప్పగానే దక్షిణదేశమున ఎవరికైనను మొదట స్ఫురించునది ఎముకల కట్టు. ఆకుపసరుతోను, కోడిగ్రుడ్డు సొనతోను, వెదురుబద్దలతోను రాజుల కుటుంబమువారు తరతరములుగా కట్టుచున్న ఆ కట్టుకొఱకు తమిళదేశమునుండియు కన్నడదేశమునుండియు జనులు వచ్చుచుందురు. వారిలో మైదానమున వ్రేలు విరుగగొట్టుకొన్న క్రికెట్ కుఱ్ఱవాండ్రకును కొదవ యుండదు. ఆటగాని దెబ్బకు వైద్యమున్నది, ఓడినను గెలిచినను వానికి పేరున్నది. కాని ఆట జరుగుచున్నంతసేపు ఎండలో నిలుచుండి, ప్రతి బంతిని రెప్పవాల్చక చూచి, తుదకు ఇరుపక్షములలో ఎవరో యొకరిచే నిందపడక తప్పని అంపైరు, సంవత్సరమునకు ఎన్ని దినములు అట్లు నిలువగలడను ప్రశ్నను మాత్రము మన ఆటల చరిత్రలో చాలకాలమువఱకు ఎవ్వరును అడిగినవారు కారు.

అడుగకపోవుటకు కారణము లేకపోలేదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడుటకు పూర్వము ఉత్తర ఆర్కాటు జిల్లాలో చేరియుండిన ఈ సీమ చెన్నపురికే ముఖము పెట్టి బ్రదికినది. రేణిగుంట-అరక్కోణము రైలుమార్గముపై నున్న పుత్తూరునకు వర్తకమైనను, చదువైనను, ఆటయైనను ఆ పట్టణమునుండియే రావలసియుండెను. ఆ పట్టణమున భారతీయులకు క్రికెట్టును అలవరచినవాడు మన తెలుగువాడే. బుచ్చిబాబు నాయుడు 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, దొరల క్లబ్బులో తమకు దక్కని గౌరవమును స్వదేశీయులు తమ మైదానముననే సంపాదించుకొనునట్లు చేసెను. దొరలకును స్వదేశీయులకును పోటీ జరుగవలెనని పట్టుపట్టిన ఆయన, 1908లో ఆ పోటీ మొదలగుటకు కొలది దినములముందే కన్నుమూసెను. తరువాత 1915-16 నుండి సంక్రాంతి దినములలో చేపాకమున ఏటేట జరిగిన ప్రెసిడెన్సీ మ్యాచు దక్షిణదేశపు క్రీడాజీవితమునకు ఒక పర్వమైనది. ఏడాదికొక్క పెద్ద ఆట యున్న కాలమున అంపైరునకు ఎన్ని ఆటలు భారమగునని లెక్కవేయుట హాస్యాస్పదముగనే తోచియుండును. తీర్పు చెప్పుట ఒక వృత్తిగా గాక మర్యాదగా చెల్లిన దినములవి.

1934లో రంజీ ట్రోఫీ ఆరంభముతో ఆ స్థితి మారసాగెను. ఆ పోటీలో మొట్టమొదటి ఆట నవంబరు 4వ తేదీన చేపాకములోనే మద్రాసు, మైసూరు జట్లకు జరిగి, విచిత్రముగా ఆ సాయంత్రమునకే ముగిసెను. రామ్‌సింగు ఒక్కడే పదకొండు వికెట్లు కూల్చగా మద్రాసు ఇన్నింగ్సు తేడాతో గెలిచెను. ఇందుకు సరిగా విరుద్ధమైన ఉదాహరణము నాలుగేండ్ల తరువాత దక్షిణాఫ్రికాలో కలదు. 1939 మార్చి 3వ తేదీన డర్బనులో మొదలైన టెస్టు, ఫలితము తేలువఱకు ఆడవలెనను నియమముతో 14వ తేదీవఱకు సాగియు తేలక, ఇంగ్లండు గెలుపునకు ఇంక 42 పరుగులు మాత్రమే కావలసియుండగా, ఆ జట్టువారు స్వదేశమునకు పోవు ఓడ దొరకదను భయముచే అసంపూర్తిగా విడువబడెను. అంపైరు పుస్తకములో రెండింటికిని ఒక్కొక్క ఆట యనియే వ్రాయబడును! ఆటల సంఖ్యతో అంపైరు శ్రమను కొలువబూనుట ఎంత అవివేకమో చూపుటకు ఇంతకంటె వేఱు నిదర్శనమేల? కొలువవలసినది దినములను, ఇంకను సూక్ష్మముగా చెప్పవలెనన్న, బంతులను. నేటి టెస్టులో దినమునకు 90 ఓవర్లు, అనగా 540 బంతులు. అందు సగము బౌలరు చెంత నిలిచి, సగము స్క్వేర్ లెగ్గున నిలిచి చూడవలెను. ఆరుగంటలలో భోజనమునకును తేనీటికిని దొరకు విరామములు తప్ప ఆ కన్నులకు విశ్రాంతి లేదు.

ఈ వృత్తిని వృత్తిగా మొదట బ్రదుకుతెరువు చేసికొన్నవారు ఇంగ్లీషు కౌంటీల అంపైర్లు. వేసవి నాలుగైదు మాసములలో వారమునకు రెండు మూడురోజుల మ్యాచులు ఒకదాని వెంట నొకటి, ఒక యూరినుండి వేఱొక యూరికి రైలులో పోవుచు నడుపుట వారి జీవితము. మొదటి ప్రపంచ యుద్ధమున కుడిచేయి పోగొట్టుకొన్న ఫ్రాంక్ చెస్టరు, ఆడలేకపోయినందున అంపైరై, 1924 నుండి 1955 వఱకు 48 టెస్టులు నడపి ఆ వృత్తికి గౌరవము తెచ్చెను. ఆయన తుదిదినములలో ఆరోగ్యము చెడి, సహనము సన్నగిల్లి, ఆటగాండ్రతో ఘర్షణ పడెనని ఆ కాలపువారు చెప్పుకొనిరి. అట్టి మహానుభావుని తీర్పు సడలినదన్న నేరము వయస్సుది మాత్రమే కాదు, ముప్పదేండ్ల అలుపుది కూడ.

ఈ ప్రశ్నను తొలుత సంఖ్యలుగా బేరమాడినవారు అమెరికాలోని బేస్‌బాల్ అంపైర్లని నా అభిప్రాయము. పందొమ్మిదవ శతాబ్దమున ఆ ఆటకు ఒక్క అంపైరే. అతడు బంతివైపు చూచుచుండగా పరుగెత్తువాడు వెనుకనుండి ఒక బేసును త్రొక్కకయే దాటిపోయెడివాడట. తరువాత ఇద్దరు, ముగ్గురు, 1952 నాటికి నలుగురు చొప్పున నిలువసాగిరి. ఆ నలుగురు ఒక బృందముగా ఊరూరు తిరుగుచు, బ్యాటు పట్టినవాని చెంతనుండు హోమ్ ప్లేటు వెనుక నిలుచు కఠినమైన పనిని దినమున కొకరు చొప్పున వంతులవారిగా పంచుకొందురు. మేజర్ లీగులో 30 జట్లు, జట్టునకు 162 ఆటలు. అనగా సీజనుకు 2,430 ఆటలు. ఆటకు నలుగురు చొప్పున 9,720 స్థానములు నిండవలెను. పందొమ్మిది బృందములలోని 76 మంది అంపైర్లకు వీనిని పంచినచో తలకు సుమారు 128 ఆటలు వచ్చును. సెలవులో నున్నవారి బదులు చిన్న లీగులనుండి వచ్చినవారు నిలుతురు గనుక అది మఱికొంత తగ్గును. అందు ప్లేటు వెనుక నిలుచునది నాల్గవపాలు, అనగా ముప్పది రెండు పూటలు మాత్రమే. ఆ సెలవైనను దయచే దొరకినది కాదు. 1979లో అంపైర్లు సమ్మె కట్టిన పిమ్మట సీజను నడుమ విశ్రాంతి వారి హక్కయ్యెను. అయినను 1996 ఏప్రిల్ 1వ తేదీన సిన్సినాటిలో, సీజను మొదటి దినముననే, ఆట యారంభమైన కొద్ది నిమిషములకు, 51 ఏండ్ల జాన్ మెక్‌షెర్రీ ప్లేటు వెనుకనుండి నడచివచ్చి కూలి మరణించినప్పుడు, అంపైరు దేహమును గూర్చి లీగువారు మఱల యోచింపవలసివచ్చెను.

మనదేశమున కొంతకాలము వ్యాధి దీనికి విపరీతమైనది. ఆటలు ఎక్కువగుట కాదు, మిక్కిలి తక్కువగుట. హైదరాబాదు వాస్తవ్యుడగు వి. కె. రామస్వామి 1985 నుండి 1999 వఱకు నడపిన టెస్టులు 26. అనగా సగటున ఏడాదికి రెండైనను లేవు. అందు చరిత్రకెక్కినవి 1986 చివర పాకిస్థానులో జరిగినవి. స్వదేశపు అంపైర్లపై వచ్చు అపవాదులతో విసిగిన ఇమ్రాన్ ఖాన్, వెస్టిండీసుతో ఆడు టెస్టులకు పరాయిదేశపువారే కావలెనని కోరగా, లాహోరు మ్యాచునకు మన రామస్వామియు, బొంబాయి పీలూ రిపోర్టరును వెళ్ళి తటస్థ అంపైర్లుగా నిలిచిరి. 1912 తరువాత టెస్టు క్రికెట్టున అదియే ప్రథమము. పాకిస్థాను ఆ ఆటలో ఇన్నింగ్సు తేడాతో ఓడెను. అంపైర్లపై మాత్రము ఎవ్వరును మాట వేయలేదు. ఇంతటి నమ్మకమును సంపాదించిన మనిషి ఆఱుమాసములకొక టెస్టు కొఱకు ఎదురుచూచుట ఆ కాలపు ఏర్పాటు లోపము. ఇంటినుండి నేరుగా వచ్చి ఐదు దినములు నిలిచి తప్పు చేయకుండుట, ఏడాదిపొడుగునను నిలుచుటకంటె కష్టము. అభ్యాసము తప్పిన కన్ను అలసిన కన్నుకంటె మేలేమియు కాదు.

1994లో అంతర్జాతీయ ప్యానెలు, 2002లో ఎలైట్ ప్యానెలు ఏర్పడి అంపైర్లు జీతగాండ్రైన తరువాత తక్కెడ మఱియొక వైపునకు మొగ్గినది. అంతర్జాతీయ మండలి వేసిన అంచనాయే చూడుడు: ఒక్కొక్కరికి ఏడాదికి ఎనిమిది మొదలు పది టెస్టులు, పది మొదలు పదునైదు ఒకదిన మ్యాచులు, మైదానములోనే డెబ్బదియైదు దినములు, ప్రయాణములును సిద్ధపాటును వేఱు. చెన్నపురి వెంకటరాఘవన్ పదునొకండేండ్లలో 73 టెస్టులు నడపెను. రామస్వామి లెక్కతో పోల్చిన అది వేఱొక లోకము. టెలివిజను యంత్రములు వచ్చిన పిదప అంపైరు పని సులువైనదని కొందఱందురు. నాకు అట్లు తోచదు. పూర్వము తప్పు పొరపాటుగా పోయెడిది, ఇప్పుడది పెద్ద తెరపై ముప్పదివేలమంది యెదుట మరల మరల చూపబడుచున్నది.

అంపైర్ల కొఱత ఎంతటి యిక్కట్టు తెచ్చునో 2020 మార్చిలో రాజకోటలో సౌరాష్ట్రమునకును బెంగాలునకును జరిగిన రంజీ ఫైనలు తెలిపెను. మొదటి దినమున ఫీల్డరు విసిరిన బంతి తగిలి హైదరాబాదు అంపైరు శంషుద్దీను పొత్తికడుపునకు దెబ్బతగులగా, మఱునాటి ఉదయము అనంతపద్మనాభన్ ఒక్కడే రెండు చివరలను బౌలరు చెంత నిలువవలసివచ్చెను. స్థానిక అంపైరు స్క్వేర్ లెగ్గునకే పరిమితుడయ్యెను, తటస్థ నియమము అతనిని అంతకుమించి రానీయదు గనుక. దేశమున అత్యున్నతమైన ఆటలో, 1934లో పదునైదు జట్లతో మొదలై ముప్పదియెనిమిది జట్లవఱకు పెరిగిన పోటీలో, ఒక మనిషి ఇద్దరి పని చేసెను. చదరంగమున రాజునకు బదులు పావును నిలుపుట సాధ్యము కానట్లే అంపైరునకు అప్పటికప్పుడు బదులు దొరకుట సాధ్యము కాదని బోర్డువారు ముందే గ్రహింపవలసినది.

ఇంకొక చిక్కు కలదు. మన దేశవాళీ అంపైరునకు వేతనము దినమునకింత యని లెక్క. పని పెరిగినకొలది రాబడి పెరుగును గనుక, నాకు విశ్రాంతి కావలెనని అతడు నోరు తెరచి చెప్పడు. కావున హద్దు విధింపవలసినది నియమించువారే గాని నిలుచువాడు కాడు. నా తీర్పడుగుదురేని, టెస్టు స్థాయివానికి మైదానమున డెబ్బదియైదు దినములు మించరాదు. ఏటికి ముప్పది దినములకు తగ్గరాదు. వరుసగా రెండు నాలుగుదినముల మ్యాచులు నడపినవానికి ఒక వారము విడుపు ఈయవలెను, ఆ వారమునకును వేతనము ఈయవలెను. విడుపునకు వేతనము లేనిచో ఆ నియమము కాగితముననే నిలుచును.

పెద్ద మైదానముల మాట అట్లుండనిచ్చి మన యూరి సంగతి చూతము. సంక్రాంతికిని, వేసవి సెలవులలోను పుత్తూరు, నగరి, నారాయణవనము ప్రాంతములలో టెన్నిసు బంతి పోటీలు నడుపుచున్న యువకులు, బ్యాటింగు జట్టువానినే అంపైరుగా నిలుపు పాతవాడుక మానుకొని, ఎండలో ఉదయమునుండి సాయంత్రమువఱకు ఒక్కనినే నిలుపక, ముగ్గురిని పెట్టుకొని వంతులవారిగా త్రిప్పుచు, ఒక్కొక్కరికి దినమునకు రెండు మ్యాచులకు మించి అప్పగింపకుండ చూడవలెనని నా మనవి.